రోజర్ షెర్మన్

రోజర్ షెర్మన్ (ఏప్రిల్ 19, 1721 - జూలై 23, 1793) అమెరికా సంయుక్త రాష్ట్రాల స్థాపకులలో ఒకడు. కనెటికట్ రాష్ట్రమునకు చెందిన రాజకీయ నాయకుడు, న్యాయమూర్తి. 1774 నాటి కాంటినెంటల్ అసోసియేషన్ ఒప్పందము, 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన, ఆ తరువాతి సమాఖ్య నిబంధనలు, 1787 నాటి రాజ్యాంగము - ఈ నాలుగింటి పైనను సంతకము చేసినవాడు ఇతడొక్కడే. అయినను జెఫర్సన్, ఫ్రాంక్లిన్‌ల వలె ఇతని పేరు ప్రచారము పొందలేదు. అమెరికా సెనేట్‌లో చిన్న, పెద్ద రాష్ట్రములన్నిటికిని సమాన ప్రాతినిధ్యము లభించుటకు ముఖ్య కారకులలో ఇతడు అగ్రగణ్యుడు.

== తొలి జీవితము ==
షెర్మన్ మసాచుసెట్స్‌లోని న్యూటన్‌లో జన్మించాడు. తండ్రి రైతు, బూట్లు కుట్టే పని కూడా చేసేవాడు. కొడుకు ఆ పనినే నేర్చుకున్నాడు. బడిలో చదివినది కొద్దియే. మిగిలినదంతా స్వయంకృషితో నేర్చినదే. 1741లో తండ్రి మరణించగా, 1743లో కుటుంబముతో కనెటికట్‌లోని న్యూ మిల్ఫర్డ్‌కు తరలివెళ్ళాడు. గణితములో ప్రవేశముండుట వలన 1745లో భూములు కొలిచే సర్వేయరుగా నియమితుడైనాడు. 1750 నుండి కొన్నేళ్ళపాటు సొంత లెక్కలతో పంచాంగముల వంటి వార్షిక పుస్తకములు ప్రచురించాడు. విలువ నిలకడలేని కాగితపు నాణెమును ఖండిస్తూ 1752లో మారుపేరుతో ఒక చిన్న పుస్తకము వ్రాశాడు. ఏ కళాశాలలోను చదువకుండనే 1754లో న్యాయవాది అయినాడు. 1761లో న్యూ హేవెన్‌లో స్థిరపడి, 1766 నుండి 1789 వరకు రాష్ట్ర ఉన్నత న్యాయస్థానములో న్యాయమూర్తిగా ఉన్నాడు. యేల్ కళాశాలకు కోశాధికారిగా కూడా పనిచేశాడు.

== రాజ్యాంగ సభ ==
స్వాతంత్ర్య ప్రకటన ముసాయిదాకై నియమించిన అయిదుగురి సంఘములో షెర్మన్ సభ్యుడు. అయితే ఇతని అసలు కృషి 1787లో ఫిలడెల్ఫియాలో జరిగిన రాజ్యాంగ సభలో కనబడుతుంది. అప్పటికి ఇతనికి 66 సంవత్సరములు. సభ్యులలో ఇతనికంటె పెద్దవాడు ఫ్రాంక్లిన్ ఒక్కడే.

ఉభయ సభలలోను జనాభాను బట్టి స్థానములుండవలెనని వర్జీనియా వంటి పెద్ద రాష్ట్రములు కోరాయి. అట్లయితే తమ మాటకు విలువ ఉండదని చిన్న రాష్ట్రములు భయపడ్డాయి. దిగువ సభలో జనాభాను బట్టి, ఎగువ సభలో రాష్ట్రమునకొక్క ఓటు చొప్పున ఉండవలెనని షెర్మన్ జూన్ 11న ప్రతిపాదించాడు. ఇది అతనికి క్రొత్తగా తోచిన ఆలోచన కాదు. జనము, రాష్ట్రము రెండింటి సమ్మతియు కావలెనని 1776లోనే కాంగ్రెసులో చెప్పియున్నాడు. ఎగువ సభ ప్రతిపాదన ఆనాడు 6-5 ఓట్లతో వీగిపోయింది. జూలై 2న ఓట్లు చెరి సగమై సభ స్తంభించింది. తుదకు ఒక ఉపసంఘము రూపొందించిన రాజీని జూలై 16న 5-4 ఓట్లతో ఆమోదించారు. మసాచుసెట్స్ సభ్యులు తమలో తాము చీలిపోయారు. ఒక్క ఓటు అటు మారియున్నచో సభయే విచ్ఛిన్నమై ఉండేదేమో.

ఈ రాజీలో చేదు కూడా ఉన్నది. దిగువ సభ స్థానముల లెక్కలో బానిసలను అయిదింట మూడు వంతులుగా పరిగణించారు. బానిసల వ్యాపారము తనకు ఇష్టము లేదని చెప్పిన షెర్మన్, దక్షిణ రాష్ట్రములు విడిపోకుండుటకై దానిని కదపకుండుటయే మేలన్నాడు. 1808 వరకు ఆ వ్యాపారమును కాంగ్రెసు నిషేధించరాదన్న నిబంధనకు కనెటికట్ ఓటు వేసింది. అంతేకాదు, జనాభాను బట్టి ఏర్పడే దిగువ సభను ప్రజలు నేరుగా ఎన్నుకొనుటను కూడా అతడు వ్యతిరేకించాడు! అతని దృష్టి ప్రధానముగా రాష్ట్రముల పైననే ఉండేదని దీనివలన తెలియుచున్నది.

సెప్టెంబరు 15న, సభ ముగియబోవు సమయమున, రాజ్యాంగ సవరణ ద్వారా ఈ సమానత్వమును తొలగించవచ్చునన్న శంకను షెర్మన్ లేవనెత్తాడు. అతని తీర్మానము వీగిపోయినను, ఆ భయమును గుర్తించి, తన సమ్మతి లేకుండ ఏ రాష్ట్రమును సెనేట్‌లోని సమాన ఓటును కోల్పోరాదను నిబంధనను చేర్చారు. అది నేటికిని అమలులో ఉన్నది. 2020 జనాభా లెక్కల ప్రకారము దాదాపు 3 కోట్ల 95 లక్షల జనాభా గల కాలిఫోర్నియాకును, 5 లక్షల 77 వేలు గల వయోమింగ్‌కును సెనేట్‌లో రెండేసి స్థానములే. ఇది అన్యాయమని నేటి విమర్శకులలో పలువురి వాదన.

== చివరి దశ ==
షెర్మన్ 1789 నుండి 1791 వరకు ప్రతినిధుల సభలోను, ఆపై సెనేట్‌లోను సభ్యుడు. హక్కుల ప్రకటన అవసరము లేదని మొదట వాదించినవాడే, 1789లో ఆ సవరణలను మూల పాఠములో కలపక చివర విడిగా చేర్చవలెనని పట్టుబట్టి నెగ్గాడు. రాజ్యాంగ సవరణలు నేటికిని ప్రత్యేక సంఖ్యలతో కనబడుట అందువలననే.

మొదటి భార్య ఎలిజబెత్ హార్ట్‌వెల్ 1760లో మరణించగా, 1763లో రెబెకా ప్రెస్కాట్‌ను వివాహమాడాడు. 1784 నుండి మరణించు వరకు న్యూ హేవెన్ నగర మేయరు కూడా ఇతడే. టైఫాయిడ్‌తో మరణించిన షెర్మన్ సమాధి ఆ నగరములోని గ్రోవ్ స్ట్రీట్ శ్మశానవాటికలో ఉన్నది.