పార్కుల్లో పాత కట్టడాలు: సిమెంటు పూస్తే బలమా, ముప్పా?

పుదుచ్చేరి భారతి పార్కు మధ్యలో తెల్లగా కనిపించే ఆయి మండపం ఫ్రాన్స్‌ను మూడో నెపోలియన్ పాలించిన కాలం నాటిది. మేట్టుపాళయం వైపున్న ముత్తిరపాళయం నుంచి పట్టణానికి మంచినీళ్లు అందిన దానికి ఇది గుర్తు. పుదుచ్చేరి ప్రభుత్వ చిహ్నంలోనూ ఈ మండపమే ఉంటుంది. దీని వెనకున్న జనశ్రుతి తెలుగువారికి ఆసక్తికరం. దీపాలతో వెలుగుతున్న ఆయి అనే వేశ్య ఇంటిని గుడి అనుకుని శ్రీకృష్ణదేవరాయలు నమస్కరించాడట. నిజం తెలిసి ఆగ్రహంతో కూల్చమంటే, ఆమె తానే ఇల్లు పడగొట్టి ఆ చోట చెరువు తవ్వించిందట.

ఇలాంటి కట్టడాలకు వయసుకన్నా తప్పుడు మరమ్మతు వల్లే ఎక్కువ ముప్పు.

సున్నం ఎందుకు?

ఫ్రెంచి కాలంలో పుదుచ్చేరిలో ఇటుక గోడలకు సున్నం పూత వేసేవారు. సున్నం మెత్తన, గాలి ఆడుతుంది. గోడలో చేరిన తేమ దాని గుండా బయటికి పోతుంది. సిమెంటు గట్టిది, తేమను లోపలే బంధిస్తుంది. సముద్రపు గాలి తెచ్చే ఉప్పు ఆ తేమలో కరిగి, ఆరినప్పుడు స్ఫటికాలుగా మారి ఇటుకనూ, మెత్తని రాయినీ పొడి చేస్తుంది. పైపూత కొత్తగానే ఉంటుంది, లోపల గోడ గుల్లవుతుంది.

మాంద్యం నాటి పార్కులు

అమెరికాలో ఇదే చర్చ 1930ల నాటి కట్టడాలపై సాగుతోంది. ఆర్థిక మాంద్యంలో నిరుద్యోగులకు పని కల్పించేందుకు రూజ్వెల్ట్ ప్రభుత్వం 1933లో సివిలియన్ కన్జర్వేషన్ కోర్‌ను ప్రారంభించింది. 1942 వరకు సుమారు 30 లక్షల మంది అందులో పనిచేశారు. పార్కుల్లో స్థానిక రాయితో గోడలు, వంతెనలు, విశ్రాంతి మందిరాలు కట్టారు. డెన్వర్ దగ్గర 1941లో ప్రారంభమైన రెడ్ రాక్స్ ఆరుబయలు రంగస్థలం వారి శ్రమ ఫలమే. 2015లో దానికి జాతీయ చారిత్రక చిహ్నం హోదా దక్కింది. అక్కడి నిపుణులు పాటించే నియమం ఒకటే: ముందు పాత అతుకు దేనితో చేశారో పరీక్షించాలి, కొత్తది అంతకంటే గట్టిగా ఉండకూడదు.

ఆలస్యం ఖరీదు

పుదుచ్చేరి బీచ్ రోడ్డులోని 19వ శతాబ్దపు మేరీ భవనం 2014 నవంబరులో వర్షాలకు కూలిపోయింది. పాత రూపంలోనే మళ్లీ కట్టి 2021లో ప్రారంభించారు. రూపం తిరిగొచ్చింది, పాత గోడలు రాలేదు.

అందుకే పార్కు మరమ్మతు టెండర్లలో మూడు అంశాలు ఉండాలి: పాత పూత నమూనా పరీక్ష, సున్నం పని తెలిసిన మేస్త్రీలు, ఏటా వానలకు ముందు నీటి దారుల తనిఖీ. ఈ చిన్న ఖర్చు దగ్గర వెనకాడితే, తర్వాత పునర్నిర్మాణమే దిక్కు.