పుల్లరి, బహిష్కారం, తుపాకి: మించాలపాడు ఘటన పునఃపరిశీలన

పల్నాటి అటవీ సత్యాగ్రహాన్ని (1921–22) చాలామంది కన్నెగంటి హనుమంతు ఒక్కడి కథగా చెబుతారు. జనం నోళ్ళలో ఆయన తుపాకులకు ఎదురొడ్డిన ఒంటరి వీరుడు. పల్నాటి యుద్ధం నాటి కారెంపూడి రణభూమి కథలు వింటూ పెరిగిన సీమకు ఆ మూస కొత్త కాదు. కానీ ఆ ఉద్యమానికి బలం ఒంటరి సాహసం నుంచి రాలేదు.

1882 నాటి మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల్లో మేతను సర్కారు హక్కుగా మార్చింది. మేపితే పుల్లరి కట్టాలి. కట్టకపోతే పశువులను బందెలదొడ్డికి తోలేవారు. దుక్కి అదనులో ఎద్దులు దొడ్లో పడితే రైతుకు ఆ యేటి సేద్యం మీద ఆశ వదులుకోవడమే. మందల మీద పన్ను తిరుగుబాటుకు దారితీయడం పల్నాటికే ప్రత్యేకం కాదు. ఒట్టోమన్ పాలనలో బల్గేరియా రైతుల ఫిర్యాదుల్లో గొర్రెల పన్ను ఒకటి. 1873లో సోఫియాలో ఉరికంబమెక్కిన విప్లవకారుడు వాసిల్ లెవ్‌స్కీ అక్కడ ఊరూరా రహస్య సంఘాలు నిర్మించాడు.

పల్నాటిలో రహస్యమేమీ లేదు. రైతులు పుల్లరి కట్టడం మానేశారు. అధికారులకు పాలు, బియ్యం అందలేదు; చాకలి, మంగలి పనులు ఆగాయి. ఈ బహిష్కారం నిజంగా పదునైన ఆయుధమే. అయితే కులకట్టు తప్పినవాణ్ణి ఊరు శిక్షించేదీ ఈ పద్ధతిలోనే. ఈ సంగతి మన చరిత్రకారులు తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

1921లో పల్నాటికి వచ్చిన కాంగ్రెస్ నాయకులు ఉన్నవ లక్ష్మీనారాయణ, మాడభూషి వేదాంతం నరసింహాచారి సత్ప్రవర్తనకు జామీను ఇవ్వమంటే నిరాకరించి జైలుకెళ్ళారు. ఉన్నవ ‘మాలపల్లి’ నవలను జైల్లోనే రాశారు. అందులో వెంకటదాసు పెద్దల సొత్తు దోచి పేదలకు పంచే దళానికి నాయకుడు. బాల్కన్ కొండల్లో అడవిపట్టిన తిరుగుబాటు దోపిడీదార్లైన హైదుక్కులకు దగ్గరి పోలిక వెతికితే అది ఈ పాత్రలోనే దొరుకుతుంది, హనుమంతులో కాదు. ఆయన అడవిపట్టిన మనిషి కాడు. దుర్గి ప్రాంతంలో ఇల్లూ వాకిలీ గొడ్డూ గోదా ఉన్న రైతు. పుల్లరి కట్టననడమే ఆయన చేసిన తిరుగుబాటు.

తేదీలు చూస్తే మరో కోణం కనిపిస్తుంది. చౌరీచౌరా హింస తర్వాత 1922 ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెస్ కార్యవర్గం శాసనోల్లంఘనను నిలిపివేసింది. పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన సాగిన పన్నుల నిరాకరణ కూడా సద్దుమణిగింది. మించాలపాడులో పోలీసులు కాల్పులు జరిపింది ఆ తర్వాతే, అదే నెలలో. హనుమంతు నేలకొరిగారు. నాయకత్వం వెనక్కి తగ్గాక కూడా మందలు మేతకు పోవాల్సిందే, పుల్లరి అడిగేవాడు రావాల్సిందే. అందుకే మించాలపాడును సహాయనిరాకరణ అధ్యాయం చివర ఒక విషాద ఘట్టంగా అతికించడం సరికాదు. కాంగ్రెస్ తీర్మానాలకు ముందే పుట్టి, సహాయనిరాకరణ ఆగినా ఆగని రైతు తగవుగా దాన్ని చదవాలి.