సెక్యూరిటీ క్లియరెన్స్: అప్పులు, పన్ను బకాయిలు (అమెరికా)

అమెరికా ప్రభుత్వ రహస్య సమాచారం చూడాల్సిన ఉద్యోగికి ముందుగా ఇచ్చే అనుమతే సెక్యూరిటీ క్లియరెన్స్. సైనికులు, గూఢచారి సంస్థల సిబ్బంది, రక్షణ శాఖ పనులు చేసే ప్రైవేటు కంపెనీల ఉద్యోగుల్లో అలాంటి సమాచారంతో పని ఉన్నవారికి ఇది తప్పనిసరి. కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్ అని ఇందులో మూడు అంచెలు. దరఖాస్తుదారు బాకీలు, పన్నుల చరిత్ర చూడకుండా వీటిలో ఏదీ ఇవ్వరు.

మొదట్లో డబ్బు సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ ఇచ్చిన 9835వ ఉత్తర్వు ప్రధానంగా కమ్యూనిస్టు సానుభూతిపరుల కోసం వెతికింది. 1953 ఏప్రిల్‌లో ఐసన్‌హోవర్ ఇచ్చిన 10450వ ఉత్తర్వు విధేయతతో పాటు నడవడినీ, ఇతరుల ఒత్తిడికి లొంగే అవకాశాన్నీ లెక్కలోకి తెచ్చింది. అప్పుల్లో ఉన్నవాడికి శత్రువు ఎర వేయడం తేలిక అన్న వాదనకు ఇక్కడే చోటు దొరికింది. ఆ రోజుల్లో క్లియరెన్స్ పోగొట్టుకున్న ఒక కంపెనీ ఇంజనీరుకు, తన మీద చెప్పినవాళ్లను ఎదురు ప్రశ్నించే అవకాశమే ఇవ్వలేదు. 1959లో గ్రీన్ వర్సెస్ మెకెల్‌రాయ్ తీర్పులో సుప్రీంకోర్టు ఆయన పక్షాన నిలిచింది. మరుసటి ఏడాది వచ్చిన 10865వ ఉత్తర్వు కంపెనీల ఉద్యోగులకు తమ వాదన వినిపించుకునే వీలు కల్పించింది. వారి అప్పుల కేసులు నేటికీ దాని కిందే నడుస్తాయి. అయితే క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదని, సందేహం ఉంటే నిరాకరించడమే మేలని 1988లో ఈగన్ కేసులో అదే కోర్టు తేల్చింది.

డబ్బు విషయం అందరి నోళ్లలో నానింది 1985లో. ఆ ఏడాది గూఢచారులు వరసగా పట్టుబడ్డారు. నౌకాదళంలో పనిచేసిన జాన్ వాకర్ 1960ల చివర, నష్టాల్లో కూరుకుపోయిన తన బార్ బాకీలు తీర్చుకోవడానికి సోవియట్ రాయబార కార్యాలయం మెట్లెక్కాడు. జాతీయ భద్రతా సంస్థ ఉద్యోగి రొనాల్డ్ పెల్టన్ 1979లో దివాలా పిటిషన్ వేసి ఉద్యోగం మానేశాడు. 1980 జనవరిలో అదే రాయబార కార్యాలయానికి వెళ్లాడు. చేతిలో ఒక్క కాగితం లేదు, అమ్మిందంతా జ్ఞాపకంలో ఉన్నదే. దానికి ముట్టింది సుమారు 35 వేల డాలర్లు. విడాకుల వల్ల అప్పులపాలైన సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1985 ఏప్రిల్‌లో 50 వేల డాలర్లతో బేరం మొదలుపెట్టాడు. తర్వాత 5 లక్షల 40 వేల డాలర్ల ఇల్లు రొక్కం పోసి కొన్నాడు, జాగ్వార్ కారులో ఆఫీసుకు వచ్చాడు, అయినా 1994 ఫిబ్రవరి దాకా దొరకలేదు. లేమిని జల్లెడ పట్టే వ్యవస్థకు లెక్క తేలని సిరి కంటికి ఆనకపోవడమే ఈ కేసులోని అసలు వైఫల్యం.

ఏమ్స్ అరెస్టు తర్వాతే నిబంధనలు బిగిశాయి. 1995 ఆగస్టులో క్లింటన్ ఇచ్చిన 12968వ ఉత్తర్వు ఆర్థిక రికార్డులు చూడటానికి ఉద్యోగి ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలంది. 1997లో అన్ని శాఖలకూ ఉమ్మడి మార్గదర్శకాలు వచ్చాయి. 2005 చివర్లో వాటిని సవరించారు. ఇప్పుడున్న రూపం 2017 జూన్ 8 నుంచి అమల్లో ఉంది. ఇందులోని 13 అంశాల్లో ‘ఎఫ్’ ఆర్థిక వ్యవహారాలది. తీర్చని బాకీలు, జూదం, ఆదాయానికి మించిన జల్సా, ఎక్కడిదో చెప్పలేని సంపద, వేయని పన్ను రిటర్నులు అన్నీ దీని కిందికే వస్తాయి.

బాకీ ఎంత అన్నదానికంటే ఎలా పడింది, తర్వాత ఏం చేశారు అన్నదే అధికారులకు ముఖ్యం. ఉద్యోగం పోవడం, ఆసుపత్రి ఖర్చులు, విడాకులు, మోసపు వడ్డీ వ్యాపారుల చేతికి చిక్కడం వంటివి చేతిలో లేని కారణాలుగా ఒప్పుకుంటారు. అయితే ఆ కష్టకాలంలోనూ బాధ్యతగా మసలుకున్నట్టు చూపించాలి. దివాలా తీసినంత మాత్రాన అనర్హత రాదు. ఎస్ఎఫ్-86 దరఖాస్తు 26వ విభాగం గత ఏడేళ్లలో 120 రోజులు దాటిన బాకీల గురించి, కట్టని పన్నుల గురించి సూటిగా అడుగుతుంది. అక్కడ ‘లేదు’ అని రాసి దొరికిపోతే బాకీ వెనక్కి పోయి అబద్ధం ముందుకొస్తుంది. దాని మీద క్రిమినల్ కేసు కూడా పెట్టవచ్చు.

పన్ను ఎగవేతను మామూలు అప్పుతో సమానంగా చూడరు. క్రెడిట్ కార్డు బాకీ బ్యాంకుతో గొడవ. రిటర్ను వేయకపోవడం ప్రభుత్వ నియమాన్నే పక్కన పెట్టడం, అలాంటివాడు రహస్యాల నియమాలు పాటిస్తాడా అన్నది విచారణాధికారుల ప్రశ్న. పన్నుల శాఖతో వాయిదాల ఒప్పందం చేసుకుని తప్పకుండా కడుతుంటే ఊరట దొరుకుతుంది. క్లియరెన్స్ పోతుందన్న నోటీసు అందాక పరుగెత్తుకెళ్లి వేసిన రిటర్నులకు విలువ తక్కువ.

నిబంధన ఒకటి, ఆచరణ ఒకటి. రక్షణ శాఖలో క్లియరెన్స్ అర్హత ఉన్నవారిలో సుమారు 83 వేల మంది 73 కోట్ల డాలర్లకు పైగా ఫెడరల్ పన్ను బాకీ ఉన్నారని ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2014లో బయటపెట్టింది. పన్ను వివరాల గోప్యతా చట్టమే తనిఖీలకు ఒక అడ్డు.

2013లో జాతీయ భద్రతా సంస్థ రహస్యాలు బయటపెట్టిన స్నోడెన్ ఉదంతం, క్లియరెన్స్ ఉన్న కంపెనీ ఉద్యోగే జరిపిన వాషింగ్టన్ నేవీ యార్డ్ కాల్పుల తర్వాత అయిదేళ్లకో పదేళ్లకో చేసే పునఃపరిశీలన చాలదని తేలింది. ఇప్పుడు కంప్యూటర్లు క్రెడిట్ రికార్డులను నిరంతరం గమనిస్తుంటాయి.

క్లియరెన్స్ అమెరికా పౌరులకే ఇస్తారు, గ్రీన్ కార్డు చాలదు. పన్నుల చరిత్రలో మచ్చ పడకూడదంటే, పౌరసత్వం తీసుకున్న తెలుగువారు హైదరాబాద్, విజయవాడ బ్యాంకుల్లోని ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద వచ్చే వడ్డీని అమెరికా రిటర్నులోనూ చూపాలి. విదేశీ ఖాతాల మొత్తం ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10 వేల డాలర్లు దాటితే అమెరికా ఖజానా శాఖకు విడిగా నివేదిక ఇవ్వాలి.