ఏ దిక్కుకు? – కాందిశీక బాల్యం, రెండు ప్రయాణాలు

'కాందిశీకుడు' అన్న మాటను మనం పత్రికల్లో చదివి వదిలేస్తుంటాం. 'కాం దిశం' అన్న ప్రశ్నలోంచి పుట్టిన మాట అది. ఏ దిక్కుకు పోవాలో తెలియక, భయంతో పరుగెత్తేవాడు కాందిశీకుడు. ఆ దిక్కును నిర్ణయించేది ఎక్కువసార్లు రాజ్యాలే. పిల్లల విషయంలో ఇది మరీ నిజం. రెండో ప్రపంచయుద్ధ కాలంనాటి రెండు ప్రయాణాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి స్పష్టపడుతుంది.

మొదటిది యూదు పిల్లలది. 1939లో హిట్లర్ సేనలు పోలెండ్ మీద పడినప్పుడు అనేక యూదు కుటుంబాలు సోవియట్ భూభాగంలోకి పారిపోయాయి. వారిలో చాలామందిని అక్కడినుంచి దూర ప్రాంతాలకు తరలించారు. ఆకలికీ రోగాలకూ తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలు 1942లో పోలిష్ సైన్యం వెంట ఇరాన్ చేరారు. పాలస్తీనాకు దగ్గరిదారి ఇరాక్ మీదుగా ఉంది. ఇరాక్ దారి ఇవ్వలేదు. అందుచేత 1943 జనవరిలో వారిని ఓడలో నాటి అవిభక్త భారతదేశపు రేవైన కరాచీకి తెచ్చి, అక్కడినుంచి మరో ఓడలో సూయజ్‌కు పంపారు. ఫిబ్రవరి 18న 700కు పైగా పిల్లలు రైలులో పాలస్తీనాలోని అత్లిత్ చేరారు. చరిత్ర వారికి 'టెహరాన్ పిల్లలు' అని పేరుపెట్టింది. వారిలో పలువురి వాంగ్మూలాలను ఆ ఏడాదే రాసుకున్నారు.

రెండవ ప్రయాణం మన పిల్లలది. దానికి పేరు లేదు.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో లక్షన్నరకు పైగా తెలుగువారున్నారు. రేవులో బస్తాలు మోసినవారు, బియ్యపు మిల్లుల్లో చెమటోడ్చినవారు, రిక్షాలు లాగినవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద బర్మావారు వీరిని 'కోరంగీలు' అన్నారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే యజమానులు బర్మా కూలీలను దింపారు. సమ్మె తీరగానే వారిని పొమ్మన్నారు. పేదవాడి కోపం యజమానిని వదిలి పక్క పేదవాడి మీదికి మళ్లింది. ఆ అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న నగరం జపాన్ వశమైంది. ఓడల్లో, విమానాల్లో చోటు ముందుగా దక్కింది దొరలకూ డబ్బున్నవారికీ. మిగిలినవారు పిల్లలను భుజాన వేసుకుని అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచారు. కాందిశీకుల తరలింపులో చూపిన ఈ జాతి వివక్షను ఆ ఏడాది అలహాబాద్‌లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఖండించింది. నడిచినవారు నాలుగైదు లక్షలనీ, దారిలో చనిపోయినవారు 10,000 నుంచి 50,000 వరకూ ఉంటారనీ అంచనాలు. ఆ రెండు అంకెల నడుమ ఉన్న నలభైవేల తేడా చాలు, వలస పాలకులు కూలివాణ్ణి ఏపాటి మనిషిగా లెక్కించారో చెప్పడానికి.

రంగూన్‌లో పుట్టిన పిల్లవాడికి 'స్వదేశం' అంటే ఎన్నడూ చూడని ఊరు. యుద్ధం తర్వాత కొందరు మళ్లీ బర్మా వెళ్లారు. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక, వ్యాపారాల జాతీయీకరణ అనంతరం, లక్షకు పైగా భారతీయులు తిరిగి రావలసివచ్చింది. విశాఖ కంచరపాలెంలోని బర్మాక్యాంపు ఆ రాకకు గుర్తు.

అయితే కొత్త స్వదేశం దొరకడంతో కథ సుఖాంతమైందనుకోవడం పొరపాటు. టెహరాన్ పిల్లలు చేరిన నేలమీద 1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పుడు సుమారు ఏడు లక్షలమంది పాలస్తీనీయులు కాందిశీకులయ్యారు. ఒక బిడ్డకు దక్కిన నీడ మరొక బిడ్డ ఇల్లు కూలడానికి కారణం కారాదు. ఈ ఇద్దరి దుఃఖాన్నీ ఒకే కంటితో చూడగలగడమే అభ్యుదయ దృష్టి.

రంగం పోయిన మగవాడి మీద మన జానపదులు పాటలు కట్టారు. కొండలు దాటి వచ్చిన బిడ్డకు మన లిఖిత సాహిత్యంలో ఎంత చోటిచ్చాం? 1942లో పదేళ్లున్నవారికి ఇప్పుడు తొంభై దాటాయి. వారి జ్ఞాపకాలను వారి మాండలికంలోనే రాసుకోవడం యువ రచయితలు, విద్యార్థులు వెంటనే చేపట్టవలసిన పని. ఆ గొంతులు ఆగిపోతే మనకు మిగిలేవి ఆ రెండు అంకెలే.