బ్యూక్ గ్రాండ్ నేషనల్

బ్యూక్ గ్రాండ్ నేషనల్ అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ 1980లలో తయారుచేసిన రెండు తలుపుల కారు. 1982లో రీగల్ నమూనాలో ఒక రకంగా మొదలై, 1984 నుంచి పూర్తి నలుపులో, టర్బో ఇంజిన్‌తో వచ్చింది.

ఇంజిన్ వదిలే పొగ వేగంతో తిరిగే టర్బో గాలిని నొక్కి సిలిండర్లలోకి పంపుతుంది. 1986లో ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ చేరింది. 1987 నాటికి 3.8 లీటర్ల వీ6 ఇంజిన్ 245 హార్స్‌పవర్ ఇచ్చేది. అదే సంస్థ స్పోర్ట్స్ కారు కార్వెట్ వీ8 శక్తి అప్పటికి 240 మాత్రమే. పెట్టె లాంటి ఆకారంలో ఇంత బలం ఉండటమే దీని అసలు ఆకర్షణ. ఆ చివరి ఏడాదే 276 హార్స్‌పవర్‌తో జీఎన్ఎక్స్ అనే ప్రత్యేక రకం కార్లు 547 వచ్చాయి.

చెడకుండా మిగిలిన కారు విలువ వేరు. బంపర్లకూ బాడీకీ మధ్య ఉండే ప్లాస్టిక్ ముక్కలు పగులుతాయి, లోపలి పైకప్పు గుడ్డ జారుతుంది, రబ్బరు గొట్టాలు ఎండిపోతాయి. ఎక్కువ శక్తి కోసం చాలామంది యజమానులు ఇంజిన్‌ను మార్చేశారు. అందుకే కంపెనీ పెయింటు, అసలు భాగాలు అలాగే ఉన్న బండిని సంగ్రాహకులు ఎక్కువగా కోరుకుంటారు. కొత్తగా వేసిన మెరుపు ఎంత బాగున్నా ఆ నిజాయితీకి సాటిరాదు.

ఇలాంటి పాత కార్ల మీద మక్కువ హైదరాబాదులో నిజాం కాలం నుంచీ ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌లోని 1912 నాటి రోల్స్ రాయిస్ అతి తక్కువ దూరం నడిచిన బండిగా పేరుపొందింది. ఈ నగరవాసి ఎవరైనా గ్రాండ్ నేషనల్‌ను సొంతం చేసుకున్నా, భారతదేశంలో 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ గుర్తింపుకు తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి.