కలివికోడి జాడ

రాయలసీమ మెట్టప్రాంతమే యైనను, పొడుగుకాళ్ళ పక్షులకు కొదువ లేదు. చిలమత్తూరు దగ్గరి వీరాపురమున ఎర్రకాళ్ళ కొంగలు ఏటేటా చింతచెట్లపై గూళ్ళు కట్టును. వీనిని సైబీరియా కొంగలనుట వాడుక గాని, నిజమునకు ఇవి మన దేశపు పక్షులే. ఋతువెరిగి వెళ్ళి, ఓపికతో కూర్చున్నవారికి వాని గులాబిరంగు రెక్కలు ఫొటోలో చక్కగా పడును. కడప జిల్లాలోని మరియొక పొడుగుకాళ్ళ పక్షిని ఫొటో తీయుటకు మాత్రము ఓపిక యొక్కటే చాలలేదు.

అదియే కలివికోడి. తీతువులు, ఉల్లంకులు చేరిన వర్గమునకే చెందినను ఇది నీటి చెంతకు పోదు. కలివె పొదల నడిమి ఖాళీ నేలలో రాత్రివేళ తిరుగును. రొమ్ముపై రెండు పట్టీలు, కంఠమున ఇటుకరంగు మచ్చ దీని గుర్తులు. మద్రాసు సైన్యమున వైద్యుడైన జెర్డన్ దీనిని కనుగొనగా, 1848లో బ్లైత్ శాస్త్రీయనామ మొసగెను. జెర్డన్ తన గ్రంథమున 'అడవి ఉత్తతిత్తి' అను తెలుగు పేరును గూడ వ్రాసెను.

1900లో అనంతపురము వద్ద కనిపించిన పిమ్మట దీని జాడ లేదు. నశించినదనియే పలువురు తలచిరి. 1985లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు మరల వెదకుట కారంభించిరి. ఆ సంఘపు పరిశోధకుడు భరత్ భూషణ్ పక్షి బొమ్మను అడవి నెరిగిన వారికి చూపి అడిగెను. శాస్త్రమునకు తెలియకుండ పోయిన పక్షి వారికి తెలిసియే యున్నది! 1986 జనవరిలో లంకమల కొండల చెంతనున్న రెడ్డిపల్లె వద్ద ఐతన్న అను వేటగాడు రాత్రి దీపపు వెలుగున ఒకదానిని సజీవముగ పట్టెను. కొలది దినములకే అది చనిపోయెను.

పక్షి యున్నదని రుజువైనది. దానిని పట్టి చూచుట తగదనియు తేలినది. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడెను. 2000 ప్రాంతమున పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టిని పట్టీలుగ పరచి, తెల్లవారిన పిదప అందలి అడుగులను కొలిచిరి. వెనుకవ్రేలు లేని మూడువ్రేళ్ళ ముద్రను ఇతర పక్షుల ముద్రలతో పోల్చి చూచిరి. ఎదుట జీవి కదలినంతనే తనంతట తానే ఫొటో తీయు కెమెరాలను అచ్చటనే అమర్చిరి. చీకటిలో తీసిన ఆ ఫొటోలలో కొంగల ఫొటోలకు గల అందము లేదు. అయినను పక్షిని తాకకయే దాని యునికిని అవి చాటినవి. ప్రొద్దు గ్రుంకిన ముక్కాలు గంటకు మొదలై, కొద్ది నిమిషములలోనే ఆగిపోవు దాని కూతను గూడ తరువాత రికార్డు చేసిరి.

2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఈ పొదలలోనికి చొచ్చినది. కరవుసీమకు నీరు కావలెను. కలివికోడికి మెట్టపొదలు కావలెను. ఈ తగవున తుదకు కాలువ మార్గమును మార్చిరి. కొన్నియేండ్లకు పక్షి మరల కనుమరుగయ్యెను. 2025 ఆగస్టులో కడప జిల్లాలో దాని కూత తిరిగి రికార్డయినది.