తలుపు తెరుచుకోని గదిలో పుట్టిన ప్రేమ

ప్రేమలో దెబ్బతిన్న హీరోకి మన సినిమాల్లో చాలాకాలం సీసా ఒక్కటే దిక్కు. 1953లో వచ్చిన ‘దేవదాసు’ ప్రభావం అలాంటిది. మా పల్నాటి ప్రేమకథలూ కన్నీటివే. కాపురానికి రాని భర్త బాలచంద్రుడు యుద్ధానికి పోయేముందు ఇల్లు చేరితే, మాంచాలే ధైర్యం చెప్పి కారంపూడి రణరంగానికి సాగనంపింది. రెంటచింతలలో ఆ కథ వింటూ పెరిగిన నాకు, ప్రేమ పోయినా బతుకు మిగులుతుందని తెలుగులో నవ్విస్తూ చెప్పిన సినిమా ఎలా తయారైందో తెలుసుకోవాలనిపించింది.

ఆ సినిమా ‘పెళ్ళి చూపులు’. దర్శకుడు తరుణ్ భాస్కర్ అంతకుముందు లఘుచిత్రాలు తీశాడు. వాటిలో ‘అనుకోకుండా’ హైదరాబాద్‌లో 48 గంటల పోటీ కోసం తీసింది. కథ ఏ తరహాదో, అందులో ఏ పాత్ర, ఏ వస్తువు, ఏ మాట ఉండాలో పోటీవాళ్లే చెబుతారు. రాయడం, తీయడం, కూర్చడం అన్నీ రెండు రోజుల్లో అయిపోవాలి. అందులో నటించిన రీతూ వర్మే తర్వాత ‘పెళ్ళి చూపులు’లో కథానాయిక చిత్ర అయింది. ‘అనుకోకుండా’ ఫ్రాన్స్‌లోని కాన్ దాకా వెళ్లి, 2013లో అక్కడి లఘుచిత్రాల విభాగంలో ప్రదర్శితమైంది.

ప్రేమ పోయినా బతుకు మిగిలే కథ ఫ్రెంచివాళ్లకూ ఒకటి ఉంది. దావీద్ ఫోయెంకినోస్ 2009లో రాసిన ‘లా డెలికటెస్’ నవలను, అన్న స్తెఫాన్‌తో కలిసి తనే 2011లో సినిమాగా తీశాడు. భర్త చనిపోయాక ఆఫీసు పనిలో తలదాచుకున్న నతాలీకి, ఎవరూ పట్టించుకోని సహోద్యోగి మార్కుస్ దగ్గరవుతాడు. హాయిగా నవ్విస్తూనే దుఃఖాన్ని గౌరవించే సినిమా అది.

మన చిత్రది వేరే గాయం. తోడుంటానని మాటిచ్చినవాడు తప్పుకున్నాడు. ఇద్దరూ కలిసి పెట్టాలనుకున్న ఫుడ్ ట్రక్ కలగానే మిగిలింది. ఇంట్లో పెళ్లిచూపులు. వచ్చిన ప్రశాంత్ ఇంజనీరింగ్ అత్తెసరుగా గట్టెక్కినవాడు, వంటంటే ప్రాణం. గది తలుపు తెరుచుకోక లోపల ఇరుక్కున్న ఇద్దరూ తమ పాత సంగతులన్నీ చెప్పేసుకుంటారు. తీరా చూస్తే ప్రశాంత్ వాళ్లు వచ్చింది వేరే ఇంటికి! తర్వాత ఇద్దరూ కలిసి ట్రక్ నడుపుతారు. ముందు పని, తర్వాత ప్రేమ. నన్ను కట్టిపడేసింది ఈ వరసే.

ఆ గదిలో మాటలు అంత సహజంగా ఉండటానికి కారణం ఉంది. మన దగ్గర షూటింగ్ అయ్యాక స్టూడియోలో డబ్బింగ్ చెప్పడం అలవాటు. ఈ సినిమాకి చిత్రీకరణ జరుగుతున్నప్పుడే గొంతులు రికార్డు చేశారు. తడబాటు, నిట్టూర్పు, మధ్యలో ఆగిన మాట అన్నీ అలాగే నిలిచాయి. పాత ప్రేమ గురించి చెప్పేటప్పుడు మనిషి ఆగే చోటే అసలు సంగతి వినిపిస్తుంది. డబ్బింగ్ గదిలో దాన్ని మళ్లీ పుట్టించడం కష్టం.

రాజ్ కందుకూరి, యష్ రంగినేని తక్కువ ఖర్చుతో నిర్మిస్తే, డి. సురేష్‌బాబు సమర్పణలో 2016 జులై 29న విడుదలైంది. అందులో నటించిన విజయ్ దేవరకొండ, ప్రియదర్శి ఇంటింటికీ తెలిసిపోయారు. ఉత్తమ తెలుగు చిత్రంగా, ఉత్తమ సంభాషణలకు జాతీయ అవార్డులు వచ్చాయి. హిందీ, మలయాళం, తమిళాల్లో మళ్లీ తీశారు.

తరుణ్ భాస్కర్ మనసు విరిగినవాళ్ల సంగతిని అక్కడితో వదల్లేదు. 2018లో తీసిన ‘ఈ నగరానికి ఏమైంది?’లో హీరో వివేక్ ప్రేమ పోయి తాగుడులో పడ్డవాడే. అతణ్ణి స్నేహితులు ఒడ్డున పడేసేది పోటీకోసం తీసిన ఓ లఘుచిత్రంతో. ఈ రెండు సినిమాలూ వరసగా చూడండి. మీ ఇంట్లో మనసు విరిగిన పిల్లలెవరైనా ఉంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని మరీ చూడండి.